నాలుగో చక్రం

పోయిన వారం మిమ్మల్ని కళ్యాణదుర్గంలో మా ఇంటి వాకిట్లో, మామయ్య కారు పక్కన నిలబెట్టి వెళ్ళిపోయాను. మెకానిక్ ఇనాయతుల్లా కారు కింద నుంచి వెల్లకిలా జరుగుతూ బయటికి వచ్చాడు. మామయ్య ఏదో అడుగుతుండగానే, నా వైపు చూసి అరచెయ్యి తెరిచాడు. అందులో ఈనె ముక్కంత సన్నటి రబ్బరు వెంట్రుక ఒకటి ఉంది. కొత్త టైర్ల మీద పొడుచుకొచ్చి ఉంటాయే, ఆ రకం.

అది అక్కడికి ఎలా వచ్చిందో ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకదాన్ని నేను. రెండో ఆయన సరిగ్గా ఆ నిమిషానికి తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు. ఆయనే నా భర్త చైతన్య, మామయ్య కొడుకు. దూరపు చుట్టరికం ఉంది కనుక పెళ్ళికి ముందు నుంచీ నాకు బావే.

మామయ్యకు ఫోన్ వచ్చింది. "ఆఁ, ఓబుళేసూ... రేపటికి తాళం నా చేతిలో ఉంటాది లేప్పా" అంటూ లోపలికి వెళ్ళారు. ఓబుళేసు డ్రిప్పు పైపులు అమ్ముతాడు. ఇనాయతుల్లా పద్నాలుగేళ్ళుగా పని చేసుకుంటున్న రేకుల షెడ్డు మామయ్య స్థలంలోనే ఉంది. మెయిన్ రోడ్డు పక్కనే కనుక దాని మీద ఓబుళేసుకు ఎప్పటి నుంచో కన్ను. బండి పాడుచేసినవాడికి షెడ్డెందుకు, రేపు పొద్దునకల్లా తాళం తెచ్చి ఇవ్వమని మామయ్య అంతకు ముందే అరిచేశారు.

నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఇనాయతుల్లా చేతుల మీద పోశాను. నీళ్ళ ధార గురి తప్పి ఆయన చొక్కా మీదికి పోయింది.

"అమ్మా, లోపలి పక్క మరిచిపోయినారు" అన్నాడాయన మెల్లగా.

నేను చెంబు ఇంకాస్త వంచాను.

"బయట పక్క ఒక్కటి కూడా మిగల్లేదు. గోళ్ళు తీసే కట్టరుతో కత్తిరించినట్లుండాది. మా పనోడైతే బ్లేడుతో ఒక్క గీత గీస్తాడు. ఇంత ఓపికగా ఒక్కొక్కటే ఎవరు తీస్తారమ్మా?"

ఎవరు తీస్తారంటే, పెళ్ళై నెల కూడా తిరగని పిచ్చిది తీస్తుంది. పాట పాడుకుంటూ తీస్తుంది.

*

మా పెళ్ళైన పదిహేడో రోజుకు ఆషాఢం వచ్చేసింది. ఆ నెలంతా కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు, మొగుడి ముఖం చూడకూడదు. నన్ను శింగనమలలో మా అమ్మ దగ్గర దించి వచ్చారు. ఆ పదిహేడు రోజుల్లో నేను బావ గురించి ఎన్ని తెలుసుకున్నానో! బొరుగుల ఉగ్గానిలో ఉల్లిపాయ ముక్కలన్నీ ముందు ఏరుకుని తింటాడు. నా చెప్పులు ఎక్కడ విడిస్తే తన చెప్పులు వాటి పక్కనే, ముక్కులు కలిపి పెడతాడు. అమ్మ ఇంట్లో నా చెప్పులు ఒంటరిగా కనిపిస్తే నాకు ఏడుపొచ్చేది. నవ్వకండి.

పదో రోజున బావ ఇంట్లో ఏదో సాకు చెప్పి, మామయ్య కారు తీసుకుని శింగనమల వచ్చేశాడు. నేను రవికె కుట్టించుకోవాలని అమ్మకు చెప్పి వీధి చివర ఎక్కాను. చెరువు కట్ట మీద కారు మెల్లగా పోతుంటే, అడుగున మిగిలిన కాసిని నీళ్ళలో కొంగలు నిలబడి మమ్మల్నే చూశాయి. మిరపకాయ బజ్జీలు తిన్నాం. నా పెదవి మంటకు బావ ఊదాడు. అంతకంటే గొప్ప రోజు నా జీవితంలో లేదు.

వెనక్కి తిప్పుతుంటే రాయి తగిలి ముందు ఎడమ టైరు పక్కన చీలిపోయింది. స్టెప్నీలో గాలి లేదు. బావ చక్రం విప్పి, ఒక ఆటోలో వేసుకుని అనంతపురం పోయి, కొత్త టైరు ఎక్కించుకుని వచ్చాడు. సైజు నంబరు అదే. కానీ నల్లగా నిగనిగలాడుతూ, ఒళ్ళంతా రబ్బరు వెంట్రుకలతో, పాత టైర్ల మధ్య అది నాకంటే కొత్త పెళ్ళికూతురిలా ఉంది. మామయ్య పొద్దున్నే కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి గానీ కాఫీ తాగరు. చూస్తే పట్టేస్తారు. అందుకని నేను పర్సులోంచి కట్టరు తీసి వెంట్రుకలన్నీ కత్తిరించాను. బావ చెరువు నీళ్ళు తెచ్చి ఎర్రమట్టి కలిపాడు. ఇద్దరం టైరుకు పూశాం. నా ముక్కుకు కూడా పూశాడు.

ఆ మట్టి ఆరిన మర్నాటి నుంచే కారు అదరడం మొదలుపెట్టింది.

పెద్ద వేగంలో ఏమీ లేదు. పది, పదిహేనులో పోతున్నప్పుడు, అందులోనూ మలుపు తిరిగేటప్పుడు, కింద ఎవరో కూర్చుని నేలను గుద్దుతున్నట్లు ఉండేది. అది మామూలు కారు కాదు. ఇంజను బలం నాలుగు చక్రాలకూ పోయే పాత బండి. దున్నిన చేలల్లోకి కూడా నేరుగా దిగుతుందని మామయ్యకు ప్రాణం. ఇనాయతుల్లా చూసి, నడుమ షాఫ్టు బేరింగ్ అరిగిందని కొత్తది వేశాడు. ఆ తర్వాత నాలుగు రోజులకు అదురు తగ్గకపోగా రెండింతలైంది. మామయ్య మార్కెట్ యార్డులో పదిమంది ముందు, "ఇనాయత్ చెయ్యి పడితే బాగుండే బండి గూడా షెడ్డుకు పోతాది" అన్నారట. ఆ మాట ఊరంతా తిరిగింది.

శ్రావణం రాగానే నేను కళ్యాణదుర్గం వచ్చేశాను. అన్నీ విన్నాను. ఏమీ చెప్పలేదు.

*

చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఇనాయతుల్లా చేతులు విదిలించాడు.

"మీరే చెప్పొచ్చు కదా?" అన్నాను. ఆ మాట అన్నందుకు నా నాలుక కోసుకోవాలి.

"నేనా? షెడ్డు పోతాదని కోడలిపిల్ల మీదికి తోసినాడంటారు. నమ్మేదెవరమ్మా? ఇంగో మాట. మట్టి చూసి నేనూ మోసపోయినా. టైర్లు చూడకుండానే షాఫ్టు విప్పినా. పని నేర్పిన మా ఉస్తాద్ ఉంటే చెంప పగలగొట్టేవాడు. నా తప్పు నేను చెప్పుకుంటా. మీది మీరు చెప్పాల."

"షెడ్డు పోతే ఎట్లా మరి?"

"రేకులు యాడైనా దొరుకుతాయి. పేరు పోయింది గదా, అది ఏ దుకాణంలో దొరుకుతాది? వారం దినాలైంది, ఒక్క బండి రాలేదు. 'ఏం, పండగా? షట్టర్ దించి కూచున్నావే' అంటాంది మా ఇంటిది ఆరీఫా. రేపు తాళం ఇచ్చేస్తే అంతే. తప్పు నాదేనని ఊరికి రాసిచ్చినట్లే."

రబ్బరు వెంట్రుకను అరుగు అంచున పెట్టి వెళ్ళిపోయాడు. నేను దాన్ని తీసి కొంగున ముడేసుకున్నాను. ఎందుకో తెలీదు.

సాయంత్రం బావతో అన్నాను, చెప్పేద్దామని. బావ నా చేతిలోంచి టీ గ్లాసు తీసుకుని, తాగకుండా అలాగే పట్టుకున్నాడు.

"ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. అమ్మ ఎంత ఆశగా చేస్తాందో చూస్తాండావు గదా. ఆషాఢంలో కలుసుకున్నామని తెలిస్తే కలశం ముందు కూచోనిస్తుందా నిన్ను? వ్రతం అయిపోనీ శశీ."

"తాళం రేపు ఇచ్చేస్తాడు బావా."

"ఇస్తే ఇస్తాడు. మళ్ళీ ఇప్పించుకోవచ్చు."

సరే అన్నాను. అలా అనడం ఎంత తేలికో. బావ చెప్పులు నా చెప్పుల పక్కనే, ముక్కులు కలిపి ఉన్నాయి. పెళ్ళైన తర్వాత మొదటిసారి వాటిని చూస్తే నాకు సంతోషం కలగలేదు.

*

మర్నాడు పొద్దున అత్తమ్మ లక్ష్మీదేవమ్మ అరుగు మీద కూర్చుని తోరాలు కడుతోంది. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన దారపు ఉండ ఒళ్ళో పెట్టుకుని, తొమ్మిది ముడులు లెక్కగా వేస్తోంది. ఇనాయతుల్లా గేటు తీసుకుని వచ్చాడు. చేతిలో షెడ్డు తాళంచెవి, దానికి కట్టిన పాత బేరింగు రింగు.

మామయ్య కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాపారు. "తెచ్చినావా?"

"తెచ్చినానన్నా. ఇచ్చే ముందు ఒక్కటి అడుగుతా. పద్నాలుగేండ్లు చూసిన బండి. ఒక్క రౌండు తోలి చూడనీ. ఆ పైన నీ ఇష్టం."

"ఇంగా ఏం చూస్తావప్పా? పోస్టుమార్టమా?"

"ఇదిగో," అంది అత్తమ్మ తల ఎత్తకుండా, "అంతగా అడుగుతాంటే తోలనిస్తే ఏం పోయింది? అట్లే పూలు కూడా తెస్తారు. శశీ, నువ్వూ పో. చామంతులు ముద్దగా ఉండేవి ఏరి తీసుకోవాల. మగోళ్ళకిస్తే రాలిపోయినవి తెస్తారు."

నేను వెనక సీట్లో కూర్చున్నాను. కారు ఈమధ్య ఎప్పటిలాగే కుడి పక్క గోడకు ఆనుకుని ఉంది కనుక ఇనాయతుల్లా ఎడమ తలుపులోంచే జరుక్కుంటూ స్టీరింగు దగ్గరికి వెళ్ళాడు. ఆ తర్వాత మామయ్య ఎక్కి ఆయన పక్కన కూర్చున్నారు. గోడకూ కారుకూ మధ్య తలుపు తెరిచే సందు లేదు.

ముందు కదలకుండానే ఇంజను రేజ్ చేశాడు. అద్దాలు కూడా కదల్లేదు. "విన్నావా అన్నా? ఇంజను తప్పు కాదు."

వీధిలో నేరుగా పది వేగంలో పోనిచ్చాడు. కాళ్ళ కింద సన్నగా, జోరీగ తిరుగుతున్నట్లు మొదలైంది. యార్డు ముందు సిమెంటు రోడ్డు మీద స్టీరింగు పూర్తిగా తిప్పాడు. దడదడమని కారంతా వణికింది. నా చేతి గాజులు వాటంతట అవే గలగలలాడాయి. ఇంకో రోజైతే ఆ శబ్దానికి మురిసిపోయేదాన్ని. నేను రెండో చేత్తో వాటిని గట్టిగా పట్టుకున్నాను.

"ఇదే. సిమెంటు ఎక్కితే చలిజ్వరం వస్తాది దీనికి. నా చేన్లోకి పోతే వెన్న మాదిరి పోతాది. నీ పనితనమే ఇది" అన్నారు మామయ్య.

ఇనాయతుల్లా రోడ్డు పక్కన, ఇంకా విత్తనం పడని చేనులోకి దించాడు. వాన కోసం దున్ని పెట్టిన ఎర్రటి నేల. అదే వేగంలో, అదే మలుపు తిప్పాడు. ఏమీ లేదు. పరుపు మీద పోతున్నట్లు పోయింది.

"ఎందుకో చెప్పన్నా?"

"నువ్వే చెప్పు. మెకానిక్కువి నువ్వు."

"ఈడ మన్ను మెత్తగా ఉండాది. చక్రాలకు పోటీ వచ్చినా అవి రవ్వంత జారి సర్దుకుంటాయి. సిమెంటు మీద జారేదానికి చోటేది? నాలుగు చక్రాలూ ఒక్క లెక్కన తిరగాల. ఒకటి పెద్దదైతే తక్కువ చుట్లు తిరుగుతాది, చిన్నవి ఎక్కువ తిరుగుతాయి. ఆ తేడా అంతా నడుమ షాఫ్టు మింగల్ల. తడిబట్ట పిండినట్లు మెలిపడతాది. అది విడిపోయేటప్పుడే ఈ గుద్దులు. అందుకే గదా నీకు మొదట్నుంచి చెప్తాండా, ఈ బండికి మారిస్తే నాలుగు టైర్లూ ఒకేసారి మార్చాలని?"

"ఆఁ, చెప్పినావులే" అన్నారు మామయ్య, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నా టైర్లు నాలుగూ ఒకేసారి కొన్నవే."

ఇనాయతుల్లా అద్దంలోంచి నా వైపు చూశాడు. తొందర పెట్టే చూపు కాదు. బస్సు ఆపి, ఎక్కేవాళ్ళ కోసం డ్రైవరు చూసే చూపు.

మూడేళ్ళు అనంతపురంలో భౌతికశాస్త్రం చదివాను. చుట్టుకొలత తేడా ఉంటే చుట్లు మారతాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ ఆ టైరుకు మట్టి పూస్తున్నప్పుడు బావ ముక్కు తప్ప నాకేమీ కనిపించలేదు. ఇప్పుడు నోరు తెరవాలి. తెరిచాను.

"పూలు... పూల అంగడికి ఆలస్యమవుతుందేమో" అన్నాను.

ఇనాయతుల్లా చూపు తిప్పుకున్నాడు. నేను కిటికీకి తల ఆనించాను. చామంతులు ఏవి ముద్దగా ఉన్నాయో, ఏవి రాలిపోయాయో చూడకుండానే కొన్నాను.

*

ఇంటికి రాగానే కారు మళ్ళీ గోడ పక్కనే ఆగింది. బావ గడపలో నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి, చెప్పలేదని అర్థమై ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నాకు వినిపించింది.

మామయ్య కారు తాళంచెవి తీసుకుని, "ఇంగ షెడ్డుది" అన్నారు.

ఇనాయతుల్లా జేబులోంచి తీశాడు. బేరింగు రింగును ఒకసారి వేలితో తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది. మామయ్య అరచేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు రెండు చేతులూ ఉపయోగించాడు, ఏదో ప్రసాదం ఇస్తున్నట్లు. అది చూసి నేను చేతిలోని పూలు అరుగు మీద పెట్టేశాను.

"మామా, ఆ ముందు టైరు మేము మార్చినాం."

నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. అత్తమ్మ చేతిలో ముడి సగంలో ఆగింది.

"ఏ టైరు?" అన్నారు మామయ్య.

"ఎడమ పక్కది. రాయి తగిలి చీలిపోతే కొత్తది వేయించినాం. మీకు తెలియకూడదని వెంట్రుకలు కత్తిరించి మట్టి పూసినాం. ఇనాయత్ అన్న తప్పేమీ లేదు." కొంగు ముడి విప్పి ఆ రబ్బరు ముక్కను అరుగు మీద పెట్టాను. ఇంత చిన్నదాని కోసమా ఇంత దాచానని అప్పుడు అనిపించింది.

"చీలిపోవడం యాడ? ఎప్పుడు?" ఈసారి అడిగింది అత్తమ్మ.

బావ కాలి బొటనవేలితో గడపను గీరుతున్నాడు. నేనే చెప్పాలి. "శింగనమల చెరువు కట్ట మీద అత్తమ్మా. ఆషాఢంలో."

గేటు అవతల ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. 

"ముప్పై దినాలు" అంది అత్తమ్మ. "ముప్పై దినాలు ఓర్చుకోలేకపోతిరా?"

అరిచి ఉంటే బాగుండేది. ఒక పరాయి మనిషి ముందు, పగటిపూట వాకిట్లో, నా జీవితంలో గొప్ప రోజు మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో నలిగిపోయింది. కొంగలు, బజ్జీలు, పెదవి మీద ఊదిన గాలి, అన్నీ ఎవరో బట్టలు తీగ మీద ఆరేసినట్లు బయట పడ్డాయి. చెవులు కాలిపోయాయి. నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

"అమ్మా, పోయింది నేను. శశి రమ్మనలేదు" అన్నాడు బావ. ఆలస్యంగానే, కానీ గడప దిగి వచ్చి నా పక్కన నిలబడి అన్నాడు. దానికి కొంచెం ప్రాణం లేచొచ్చింది. కొంచెమే.

"నువ్వు మాట్లాడొద్దు. ఒక మనిషి వారం దినాలుగా అంగడి మూసుకుంటే, లోపల కూచుని ఉగ్గాని తింటివే!" అంది అత్తమ్మ.

అందరికంటే ముందు తేరుకున్నది మామయ్య. ఆయన నవ్వారు. "పోనీలేవే. పిల్లోళ్ళు. ఇంత దానికి ఏడుపు మొగాలు ఏంటికి? కొత్త టైరు వేసుకున్నారు, మంచిదే గదా. శశమ్మా, లోపలికి పో, అందరికీ కాఫీ పెట్టు."

ఇంత తేలికా! నేను నిన్నటి నుంచి చచ్చి బతికింది దీని కోసమా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండడుగులు వేశాక గుర్తొచ్చింది.

"మామా, షెడ్డు తాళం?"

మామయ్య అప్పటికే దాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు. "అది వేరే సంగతిమ్మా. ఓబుళేసుకు మాట ఇచ్చేస్తి. అయినా బేరింగు ఊరికే మార్చింది నిజమే గదా?"

"నిజమే" అన్నాడు ఇనాయతుల్లా. "ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాండా. కానీ అన్నా, నాకొక అనుమానం. ఒక్క టైరుకే ఇంత అదురు రాదు. మొదట్లో వచ్చిన సన్న అదురు దానిదే. నేను బేరింగు వేసినాక రెండింతలైంది, దానికి లెక్క తేలడంలే. కొలిచి చూద్దాం. దారం ఉంటే చాలు."

"వాకిట్లో కొలతలేంది, పో పో."

"ఇందాప్పా." అత్తమ్మ ఒళ్ళోని పసుపు దారపు ఉండ తీసి ఇనాయతుల్లా వైపు చాపింది. "కొలువు. అబద్ధం ఇంట్లో పెట్టుకుని రేపు ఏ మొగంతో కలశం ఎత్తేది? తేలిపోవాల్సిందే."

ఇనాయతుల్లా చేతులు లుంగీకి తుడుచుకుని దారం అందుకున్నాడు. జాకీ పెట్టి వెనక ఎడమ చక్రం లేపాడు. దారం చుట్టూ తిప్పి, కలిసిన చోట ముడి వేయమన్నాడు. నేను వేశాను. అదే దారాన్ని ముందు ఎడమ చక్రానికి, మా టైరుకు చుట్టాం. ముడి కలవలేదు. రెండు వేళ్ళ ఎడం మిగిలింది. ఆ ఖాళీలోంచి నా సిగ్గుమాలినతనం నల్లగా కనిపించింది.

"ఇది మీది. సరే" అన్నాడు ఇనాయతుల్లా. "ఇంగ ఆ పక్కవి. అన్నా, బండి గోడ నుంచి ఇవతలికి తియ్యాల. తాళంచెవి ఇయ్యి."

మామయ్య ఇవ్వలేదు.

"చాలప్పా. కోడలు ఒప్పుకునింది. తేడా కనపడింది. ఇంగేం కొలుస్తావు?"

"నాలుగూ కొలిస్తే గదా లెక్క?"

"చాలు అంటి గదా!"

ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను పట్టుకుంది. కారు తాళంచెవి మామయ్య గుప్పిట్లో ఉంది. ఆ గుప్పిటను ఆయన తొడకు నొక్కి పట్టుకున్నారు. చూపు కారు మీద లేదు, మా మీద లేదు, గేటు అవతల ఎక్కడో ఉంది. ఇంతకుముందే, పొద్దున, కిటికీలోంచి బయటికి చూసిన చూపు. నిన్నటి నుంచి నేను అద్దంలో చూసుకుంటున్న చూపు అది. దాచుకున్నవాళ్ళే అలా నిలబడతారు.

రోజూ పొద్దున్నే కారు చుట్టూ ప్రదక్షిణ చేసే మనిషి, మేం పూసిన ఎర్రమట్టికి నిజంగా మోసపోయాడా?

నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నాను. గోడకూ కారుకూ మధ్య సందులోకి పక్కగా దూరాను. గాజులు గోడకు గీసుకుని ఒకటి పగిలింది. "శశీ!" అన్నాడు బావ. ముందుకు జరిగాను. కుడి పక్క ముందు చక్రం దగ్గర వంగేందుకు చోటు లేక, కూర్చుని చెయ్యి చాపి తడిమాను.

దుమ్ము. దాని కింద కొత్త రబ్బరు నున్నదనం. తర్వాత నా వేళ్ళకు గుచ్చుకున్నాయి, ఒకటి, రెండు, మూడు, లెక్కలేనన్ని. సన్నటి రబ్బరు వెంట్రుకలు. వీటిని ఎవరూ కత్తిరించలేదు. గోడ వైపు ఎవరు చూస్తారులే అని వదిలేసినట్లున్నారు.

ఒకటి తెంపి గుప్పిట్లో పెట్టుకుని లేచాను. కారు అద్దాల మీదుగా అవతల మామయ్య ముఖం కనిపించింది. మొదటిసారి ఆయన నా వైపే చూస్తున్నారు. పెళ్ళైన రోజు నుంచి "శశమ్మా" అని తప్ప పిలవని మనిషి, చాలా మెల్లగా అన్నారు:

"శశీ. ఇవతలికి రా."

అరుగు మీద అత్తమ్మ లేచి నిలబడింది. ఇనాయతుల్లా పసుపు దారం పట్టుకుని నా కోసం ఎదురు చూస్తున్నాడు.

"ఏమమ్మా," అన్నాడు, "ఏమన్నా ఉండాదా ఆడ?"